డ్రైవర్ అనే క్లాసును ఎందుకు తీసేశాను

ప్రోగ్రాము రాస్తూ క్లాసుకు ఏదో ఒక పేరు తగిలించేసి, "తర్వాత మార్చుకుందాంలే" అని ముందుకు పోయే పిల్లలను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రిటైరై ఇంట్లో కూర్చున్నదాన్ని, నా మాట వినాల్సిన అవసరం మీకెవరికీ లేదు. అయినా చెబుతాను, వినండి. ప్రొద్దుటూరులో ఒకసారి ఒక క్లాసు పేరు వల్ల ఒక మనిషి ఉద్యోగం పోబోయింది. ఆ పేరు మార్పించడానికి నేను పడినంత తగువు నా ఉద్యోగంలో మళ్ళీ ఎన్నడూ పడలేదు. గెలిచింది నేనే కాబట్టి చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

మాది ప్రైవేటు బస్సుల కంపెనీ. హెడ్డాఫీసు, పెద్ద గ్యారేజీ ప్రొద్దుటూరులో. జమ్మలమడుగులో ఒక గ్యారేజీ, పులివెందులలో ఇంకొకటి. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో మా యజమాని నాయన ఒకే ఒక్క బస్సుతో మొదలుపెట్టాడట. నేను చేరేనాటికి ఆయన పటానికెక్కి చాలా కాలమైంది, కొడుకు నడుపుతున్నాడు. కొన్ని పల్లె రూట్లు, ముద్దనూరు పక్కన కరెంటు ప్లాంటుకు షిఫ్టు బస్సులు, బ్రహ్మంగారిమఠానికి స్పెషల్ బస్సులు, ఇక పెళ్ళిళ్ళ సీజన్ వస్తే ఎవరు ముందు అడిగితే వాళ్ళకు.

ఆ నాయన కాలం నుంచి పెద్ద గ్యారేజీ గోడకు ఒక టేకు బల్ల ఉండేది. దాని మీద వరసలుగా మేకులు. ఒక్కో వరస పైన ఒక్కో పని పేరు: స్టీరింగు, టికెట్లు, టైర్లు, షెడ్డు. కంపెనీలో చేరిన ప్రతి మనిషికీ ఒక చెక్క బిళ్ళ చేయించి, దాని మీద అతని పేరు కాల్చి రాయించేవాళ్ళు. పొద్దున్నే సూపర్‌వైజరు ఎవరి బిళ్ళను ఏ మేకుకు తగిలిస్తే ఆ రోజు వాళ్ళకు ఆ పని. మనిషి కంపెనీ వదిలిపోయే రోజున యజమాని ఆ బిళ్ళను బల్ల మీంచి తీసి స్వయంగా అతని చేతికిచ్చేవాడు. అందుకే మా దగ్గర ఎవరూ ఉద్యోగం పోయింది అనరు, "బిళ్ళ చేతికిచ్చినారు" అంటారు. ఆ మాట వింటే ఎంత మొండి మనిషికైనా ముఖం మారిపోయేది.

కంప్యూటర్లు వచ్చాక పొద్దున్నే బిళ్ళలు మార్చే పని ఆగిపోయింది. డ్యూటీ కాగితం ప్రింటర్‌లోంచి వచ్చేది. బల్ల మాత్రం గోడకే ఉంది, బిళ్ళలు ఎవరివి ఎక్కడ ఉన్నవి అక్కడే వేలాడుతూ ఉన్నాయి. చేరినవాడికి బిళ్ళ చేయించడం, పోయేవాడికి చేతికివ్వడం అలాగే సాగింది. దేవుడి పటాలకు ఊదుకడ్డీలు వెలిగించినట్టే యజమాని రోజూ ఆ బల్ల ముందు కూడా రెండు వెలిగించేవాడు.

నేను అంతకు ముందు ఊళ్ళో పిల్లలకు కంప్యూటర్ కోర్సులు చెప్పేదాన్ని. నోరెక్కువని పేరుంది నాకు, పని కూడా వచ్చని ఇంకో పేరుంది కాబట్టి కంపెనీ కంప్యూటర్లు చూసుకోమని పిలిచి ఉద్యోగమిచ్చారు. నా గదికి ఏసీ బిగించారు, యంత్రాలు వేడెక్కుతాయని. మే నెలలో డ్రైవర్లు ఒక్కొక్కరే ఏదో సందేహం పట్టుకుని నా గదికి వచ్చేవాళ్ళు. సందేహం తీరినా లేచేవాళ్ళు కాదు.

డ్యూటీలు వేసే ప్రోగ్రాము నేను రాసింది కాదు. హైదరాబాదులో రెండేళ్ళు పనిచేసి వచ్చిన తెనాలి కుర్రాడు రాశాడు. మంచివాడు, చురుకైనవాడు, నన్ను మేడమ్ అని తప్ప పిలిచేవాడు కాదు. పేర్ల విషయంలో మాత్రం నిష్ఠాపరుడు. క్లాసు పేరు పెద్దక్షరంతో మొదలవ్వాలి, నామవాచకం అయ్యుండాలి. ఇంటర్‌ఫేస్ పేరుకు ముందు ఐ ఉండాలి. దాన్ని అమలు చేసే క్లాసు వెనక ఇంప్ల్ అని తోక ఉండాలి. ఆ లెక్కన అతని ప్రోగ్రాము నిండా ఐడ్రైవర్, డ్రైవర్‌ఇంప్ల్, ఐకండక్టర్, కండక్టర్‌ఇంప్ల్. చూడటానికి ముచ్చటగా, స్కూలు పిల్లల యూనిఫారం లాగా ఉండేది.

ఈ విద్య తెలియని వాళ్ళకు రెండు ముక్కలు. ప్రోగ్రాములో క్లాసు అంటే ఒక అచ్చు. ఆ అచ్చులోంచి తీసిన ఒక్కో బొమ్మ ఒక్కో మనిషి అనుకోండి. ఇంటర్‌ఫేస్ అంటే అచ్చు కాదు, ఒక మాట ఇవ్వడం: ఫలానా పని నా చేత చేయించుకోవచ్చు అని. ఏ అచ్చులోంచి వచ్చినదైనా ఆ మాట ఇవ్వొచ్చు. ఒక చిక్కుంది. ఒక అచ్చులోంచి వచ్చిన బొమ్మ ఉన్నంతకాలం ఆ అచ్చుదే. డ్రైవర్ అచ్చులోంచి తీసినదాన్ని కండక్టర్‌గా మార్చడం కుదరదు. పడేసి కొత్తది తీసుకోవాల్సిందే.

"మనుషుల్ని డ్రైవర్లు, కండక్టర్లు అని జాతులుగా కోసి పెట్టినావే, వాండ్లు అట్ల ఉంటారా?" అని మొదట్లోనే అడిగాను.

"పేర్లన్నీ రూల్ ప్రకారమే ఉన్నాయి కదండీ మేడమ్," అన్నాడు.

రూల్ ప్రకారమే ఉన్నాయి. అందులో తప్పు పట్టడానికి లేదు. మా మనుషులు రూల్ ప్రకారం ఉండేవాళ్ళు కారు, అంతే.

మొదటి దెబ్బ జమ్మలమడుగులో తగిలింది. అక్కడ ఒక కండక్టరుకు బస్సు తోలడం వచ్చు, లైసెన్సూ ఉంది. డ్రైవర్లు చాలని రోజున అతనికి స్టీరింగు ఇవ్వడం వాడుక. బల్ల ఉన్న రోజుల్లో బిళ్ళ తీసి పక్క వరసకు తగిలిస్తే అయిపోయేది. కంప్యూటర్‌లో అతను కండక్టర్, కాబట్టి తోలలేడు. అక్కడి సూపర్‌వైజరు ఒక ఉపాయం చేశాడు. అదే మనిషిని డ్రైవర్‌గా ఇంకోసారి ఎక్కించాడు. ప్రోగ్రాముకు ఇద్దరు కనిపించారు. ఒక పొద్దున అతనికి ముద్దనూరు షిఫ్టు బస్సులో స్టీరింగూ, అదే సమయానికి మైలవరం బస్సులో టికెట్లూ ఇచ్చింది.

ఫోన్ వచ్చింది. "అమ్మా, మనిసి ఒక్కడే ఉండాడు. నడిమికి కోసి ఆడికి సగం ఈడికి సగం పంపమంటావా?"

మా కుర్రాడు దాన్ని చక్కదిద్దాడు. ఎలాగంటారా? డ్రైవర్‌కండక్టర్ అని మూడో క్లాసు పెట్టాడు. నెల తిరక్కుండానే పులివెందులలో తోలుతూ, టికెట్లు కొడుతూ, ఇంజను కూడా విప్పగలిగినవాడు ఒకడు బయటపడ్డాడు. డ్రైవర్‌కండక్టర్‌మెకానిక్ అని నాలుగోది పుట్టింది. ఆ పేరు చదివి నేను నవ్వాను. "రేపు వాడు వంట కూడా చేస్తానంటే ఏం చేస్తావు నాయనా?" అన్నాను. అతను నవ్వలేదు. అప్పటికి మాకు అది హాస్యంగానే ఉంది, ఎవరికీ నష్టం జరగలేదు కాబట్టి.

ఇక అసలు సంగతికి వస్తాను. మా డ్రైవర్లలో అందరికంటే పెద్దవాడు ఒక సాయిబు. కంపెనీ మొత్తానికీ ఆయన మామ. నేను కడపలో చదువుకునే రోజుల్లో ఆయన తోలే బస్సులోనే పోయివచ్చేదాన్ని. నేను పరిగెత్తుకుంటూ వస్తుంటే ఆపేవాడు, ఆపి తిట్టేవాడు. అప్పటి నుంచి చూసినవాడు కాబట్టి ఏసీ గదిలో కుర్చీలో కూర్చున్నా ఆయనకు నేను పాపనే. బండి స్టార్టు చేసిన శబ్దం వింటే చాలు, దానికి ఏ జబ్బుందో చెప్పేవాడు. కొత్తగా చేరిన డ్రైవర్లను కొండ దారిలో మొదటిసారి తీసుకుపోయేది కూడా ఆయనే.

ఆయనకు షుగర్. పట్టించుకునేవాడు కాదు. కంపెనీ డ్రైవర్లందరికీ కంటి పరీక్ష చేయించినప్పుడు డాక్టరు ఆయన్ను రెండోసారి పిలిచాడు, మూడోసారి కడపకు పంపాడు. షుగర్ వల్ల కంటి లోపలి నరాలు చెడ్డాయని, ఉన్న చూపు నిలబెట్టుకోవచ్చు గానీ ఇక బస్సు తోలకూడదని తేల్చారు. ఎదురుగా మనిషి నిలబడితే గుర్తుపట్టగలడు. కొంచెం దూరం పోతే మసక.

ఆ ఫలితం కంప్యూటర్‌లో ఎక్కింది. డ్రైవర్ క్లాసులో ఉన్నవాడు తోలడానికి పనికిరాకపోతే ప్రోగ్రాము ఏం చేస్తుంది? సిబ్బందిలోంచి తీసేస్తుంది. తీసేసింది. సరే, షెడ్డు పనిలోకి ఎక్కిద్దామని మా కుర్రాడు కొత్తగా చేర్చబోయాడు. కొత్తగా చేరేవాళ్ళకు వయసు పరిమితి ఉంది. మామ వయసు చూసి ప్రోగ్రాము ఒప్పుకోలేదు.

ఆ పరిమితి పెట్టించింది యజమానే. ఎన్నికలు దగ్గర పడితే చాలు, ఏదో ఒక ఊరి పెద్దాయన తన దూరపు చుట్టాన్ని వెంటబెట్టుకుని గ్యారేజీకి దిగేవాడు. ఆ చుట్టానికి నెత్తి నెరిసి ఉండేది, చేతిపని ఏదీ వచ్చేది కాదు. కాదంటే ఆ ఊళ్ళో మా బస్సును ఆగనివ్వరు. అందుకని యజమాని ఆ భారం కంప్యూటర్ మీద వేశాడు. "కంప్యూటర్ ఒప్పుకోదప్పా, నేనేం చేసేది?" అని చేతులెత్తేసేవాడు. ఆ ఒక్క మాటతో ఎంతమంది పెద్దమనుషులను కాఫీ తాగించి పంపేశాడో నేను కళ్ళారా చూశాను. ఇప్పుడు ఆ నియమాన్ని ఒక్కసారి సడలిస్తే మర్నాడు గేటు ముందు జీపులు నిలబడతాయి.

యజమాని నన్ను పిలిచాడు. ముఖం వాడిపోయి ఉంది. "శుక్రవారం పొద్దున మామకు బిళ్ళ చేతికిస్తానమ్మా. నాకు మాత్రం బాగుందా? నన్ను ఎత్తుకోని తిప్పిన మనిసి. ఏం జేద్దాం, కంప్యూటర్‌లో లేకుండా పోయినాడు."

"సార్, కంప్యూటర్‌లో లేకపోతేనేమి? మనిసి గేటు కాడ కూర్చోని ఉండాడు గదా," అన్నాను.

"నీకు తెలీదా నా తిప్పలు? ఈ వయసులో ఈన్ని చేర్చుకుంటే ఇంగ ఎవరికని కాదని చెప్పేది?"

ఆయన చెడ్డవాడు కాదు. నిర్ణయం యంత్రం చేసిందనుకుంటే ఆయనకు మనసు కొంచెం తేలికగా ఉంది, అంతే. నాకు కోపం వచ్చింది గానీ ఆయన మీద కాదు. నా గదిలో నా కళ్ళ ముందు మెరుస్తున్న ఆ పెద్దక్షరాల డ్రైవర్ మీద వచ్చింది.

మధ్యాహ్నం మామ వచ్చాడు. ఎప్పుడూ వచ్చీ రాగానే ఏసీ కింద కుర్చీ లాక్కునేవాడు, ఆ రోజు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"కూర్చో మామా."

"వద్దులే పాపా. శుక్రవారం బిళ్ళ ఇస్తాండారంట. నిన్ను చూసి పోదామని వచ్చినా."

"ఎవరు చెప్పినారు ఇస్తాండారని?"

"అందరూ అనుకుంటాండారు. అయినా ఇయ్యక ఏం జేస్తారు? కండ్లు లేని డ్రైవరు ఎవరికి కావాల? డ్రైవర్ని గాకపోతే ఇంగ నేనేంది?"

అలాంటప్పుడు ఓదార్చడం నాకు చేతకాదు, నోరు ఇంకా గట్టిగా లేస్తుంది. "నువ్వు డ్రైవరువి గాదు మామా," అన్నాను. "ఎప్పుడూ గాదు. నువ్వు మనిసివి. డ్రైవింగు నీకొచ్చిన పనుల్లో ఒకటి. అది పోయింది, మిగిలినవి యాడికి పోయినాయి?"

ఆయన ముఖం ఎర్రబడింది. "ఏమన్నావు? నేను డ్రైవర్ని గాదా? నువ్వు పాలు తాగేనాటికి నేను స్టీరింగు పట్టుకోని ఉన్నా. నిన్ను కాలేజీకి మోసింది ఎవురనుకుంటాండావు? నేను డ్రైవర్ని గాదంట." అని విసురుగా వెళ్ళిపోయాడు. పోతూ పోతూ తలుపు చట్రానికి భుజం తగిలించుకున్నాడు. చూపు ఎంత పోయిందో నాకు అప్పుడే సరిగ్గా అర్థమైంది.

తిట్లు తిన్నానని బాధ కలగలేదు. ఆయన మీదా, మా కుర్రాడి మీదా, యజమాని మీదా ఒకేసారి విసుగొచ్చింది. ముగ్గురూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఒక మనిషి చేసే పనిని ఆ మనిషి పేరుగా పెట్టేసుకుని, పని పోగానే మనిషి లేడంటున్నారు.

లేచి గ్యారేజీలోకి పోయాను. యజమాని బల్ల ముందే ఉన్నాడు. శుక్రవారానికని మామ బిళ్ళను ముందే తీసి జేబులో పెట్టుకున్నట్టున్నాడు, స్టీరింగు వరసలో ఒక మేకు ఖాళీగా ఉంది.

"సార్, ఆ బిళ్ళ ఒకసారి తీయండి. దీని మీద ఏముంది?"

"పేరుంది."

"డ్రైవర్ అని యాడన్నా ఉందా?"

ఆయన తిప్పి చూశాడు. వెనక వైపు కూడా చూశాడు, పాపం. "లేదు. మా నాయన పేర్లు మాత్రమే రాయించేవాడు."

"పని పేరు యాడుంది?"

"బల్ల మీద. మేకుల పైన."

"మీ నాయన కాలంలో ఒక మనిసికి తోలడం చేతగాకుండా పోతే ఏం జేసేవాళ్ళు? బిళ్ళ కాల్చేసి కొత్త బిళ్ళ చేయించేవాళ్ళా?"

"ఎందుకు కాలుస్తారమ్మా? తీసి ఇంగో మేకుకు తగిలిస్తారు."

"కంప్యూటర్‌లో గూడా అంతే జేస్తాను. మామ కంపెనీ నుంచి పోలేదు కాబట్టి మళ్ళా చేరే పనే లేదు. చేరకపోతే వయసు అడిగేవాడెవడు? మీ నియమం మీకు ఉంటుంది, జీపులు వచ్చినా మీ మాట మీకు ఉంటుంది. శుక్రవారం దాకా ఆ బిళ్ళ మీ జేబులోనే ఉండనీయండి."

ఆయన బిళ్ళను మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "శుక్రవారం పొద్దున బస్సులు మాత్రం టయానికి కదలాల," అని వెళ్ళిపోయాడు. నాకు ఆ మాట చాలు.

ఇక మా కుర్రాడితో పడ్డ తగువు. డ్రైవర్, కండక్టర్, ఆ పొడుగు తోకల క్లాసులు అన్నీ తీసేయాలన్నాను. ఒకటే క్లాసు ఉంటుంది, దాని పేరు మనిషి. ఇంగ్లీషు అక్షరాల్లో, పెద్ద ఎమ్‌తో. అతను కుర్చీలోంచి లేచాడు.

"మేడమ్, తెలుగు పేరా? ఎవరన్నా చూస్తే నవ్వుతారండి. పర్సన్ అనో ఎంప్లాయీ అనో పెడదాం."

"ఈడ ఎవరన్నా ఎంప్లాయీ అంటారా? సూపర్‌వైజరు పొద్దున ఫోన్ చేసి ఏమడుగుతాడు? ఎంతమంది మనుషులు దిగినారు అనే గదా? చదివేవాళ్ళకు తెలిసిన మాటే పేరు. క్లాసు పేరు పెట్టే ముందు నన్ను నేను ఒకటి అడుగుతాను. ఈడు చేరిన రోజు నుంచి పోయే రోజు దాకా ఈ పేరు నిజమేనా అని. డ్రైవర్ అన్న పేరు మధ్యలో అబద్ధమయిపోయింది. మనిషి అన్నది కాదు."

"మరి ఇంటర్‌ఫేస్?"

"పని. చేయించుకునేది ఏదైనా పనే. తోలడం ఒక పని, టికెట్లు ఒక పని, బండి చూడటం ఒక పని. అవి మనిషికి తగిలిస్తాం, కావాలంటే తీసేస్తాం. తీసేస్తే పని పోతుంది, మనిషి ఉంటాడు."

"ఐపని అని పెడదామండి కనీసం. కన్వెన్షన్ కదా."

"ముందర ఐ పెట్టినంత మాత్రాన దానికి ఏం తెలివొస్తుంది? అది ఇంటర్‌ఫేస్ అని నాకు చూస్తే తెలీదా?"

అతను ఇంకో పుస్తకం తీశాడు. అందులో ఇంటర్‌ఫేస్ పేర్లకు చివర ఏబుల్ అని వస్తుందట, రన్నబుల్ లాగా. "అయితే డ్రైవబుల్ అని పెడదాం మేడమ్," అన్నాడు. అన్నవాడే ఆగిపోయాడు. "కాదండీ, డ్రైవబుల్ అంటే తోలించుకునేది. అది బస్సు అవుతుంది." ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వాం. తగువు మొదలైన తర్వాత అతను నవ్వడం అదే మొదలు. ఆ నవ్వుతోనే ఒప్పుకున్నాడని నాకు తెలిసిపోయింది. సాయంత్రానికి ఇద్దరం ఒకే కీబోర్డు ముందు కూర్చుని పాత పేర్లు పీకేస్తున్నాం.

బుధవారం పులివెందులలో ముందుగా నడిపి చూద్దామనుకున్నాం. అదే పాడైంది. పొద్దున్నే అక్కడి సూపర్‌వైజరు ఫోన్. "అమ్మా, డ్యూటీ కాగితం తెల్లగా వచ్చింది. మీ ఆఫీసులో ఏమన్నా పండగా? ఈడ బస్సులు నిలబడినాయి, జనం నన్ను తింటాండారు."

నేను కుర్రాడి వైపు చూశాను. అతను గోడ వైపు చూశాడు. తర్వాత చిన్న గొంతుతో చెప్పాడు. పులివెందుల గ్యారేజీలో ఒకసారి తొందరలో డ్రైవర్ క్లాసును నకలు తీసి డ్రైవర్‌టూ అని పెట్టాడట, తర్వాత మార్చుకుందాంలే అని. ఎవరికీ చెప్పలేదు. అక్కడి డ్రైవర్లందరూ ఆ డ్రైవర్‌టూ లోనే ఉన్నారు. మేము డ్రైవర్‌ను తీసేసినప్పుడు టూ గారు ఎవరికీ కనిపించకుండా మిగిలిపోయారు, కొత్త ప్రోగ్రాముకు అక్కడ తోలేవాడే దొరకలేదు.

ఆ రోజు బస్సులు సూపర్‌వైజరు నోటి మాటతోనే కదిలాయి. యజమాని నా గదికి వచ్చి నిలబడ్డాడు. జేబు మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు, బిళ్ళ ఉన్న జేబు మీద.

"సార్, ఈన్ని తిట్టొద్దు, నేను తిట్టేసినాను," అన్నాను. నిజానికి ఇంకా తిట్టలేదు, యజమాని పోయాక తిట్టాను. బాగానే తిట్టాను. తర్వాత ఇద్దరం కూర్చుని మూడు గ్యారేజీల ప్రోగ్రాముల్లోనూ టూ, న్యూ, ఫైనల్ అన్న పేరు ఏది కనిపించినా బయటికి లాగాం. ఫైనల్ అన్నవి రెండు దొరికాయి. అందులో ఒకదాని పేరు ఫైనల్‌న్యూ. మర్నాడు సాయంత్రానికి మనుషులందరూ మనిషి అన్న ఒక్క క్లాసులోకి వచ్చారు. జమ్మలమడుగు కండక్టరుకు ఆ పొడుగు తోక పేరు వదిలింది. వయసు పరిమితి కొత్తగా చేరేవాళ్ళ దగ్గర ఎలా ఉన్నదీ అలాగే ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

ప్రోగ్రాము తీసేసిన మామ పాత వివరాలను కూడా మనిషిలోకి తెచ్చాక తోలడం తీసేసింది నేనే. కుర్రాణ్ణి చేయనివ్వలేదు. బండి చూడటం తగిలించాను, దారి నేర్పడం తగిలించాను. ఆయన చేరిన రోజు అలాగే ఉంది, ఏళ్ళన్నీ అలాగే ఉన్నాయి. ఒక్క మీట నొక్కితే పోయిందనుకున్నది అంతా అక్కడే ఉండటం చూసి నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఏసీ గాలి కళ్ళకు పడటం లేదని కుర్రాడితో అన్నాను.

శుక్రవారం పొద్దున గ్యారేజీలో అందరూ నిలబడి ఉన్నారు. బిళ్ళ చేతికిచ్చేటప్పుడు అందరూ రావడం ఆనవాయితీ. మామ తెల్ల చొక్కా వేసుకుని, గడ్డం దువ్వుకుని వచ్చాడు. నా వైపు చూడలేదు, ఇంకా అలకలోనే ఉన్నాడు. యజమాని కడ్డీలు వెలిగించి, జేబులోంచి బిళ్ళ తీశాడు. మామ రెండు చేతులూ కలిపి ముందుకు చాపాడు.

యజమాని బిళ్ళ ఇవ్వలేదు. "చేతులెందుకు చాపుతాండావు మామా? ఇది నీకిచ్చేది గాదు, బల్లకు తగిలించేది," అన్నాడు. తర్వాత నన్ను చూశాడు. నేను ప్రింటర్‌లోంచి వచ్చిన కాగితం చదివాను. మూడు గ్యారేజీల బస్సులూ ఉన్నాయి, అన్నిటికీ మనుషులున్నారు. చివర మామ పేరు, దాని పక్కన ప్రొద్దుటూరు షెడ్డులో బండ్లు చూడటం, కొత్త డ్రైవర్లకు కొండ దారి నేర్పడం.

మామకు మొదట నమ్మకం కలగలేదు. "ఇది దానం చేసే పనా, నిజంగా కావాల్సిన పనా?" అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పే లోపలే షెడ్డులో ఎవరో బస్సు స్టార్టు చేశారు. మామ తల తిప్పాడు. "ఆ బండిని పంపొద్దు," అన్నాడు. "డీజిల్‌లో గాలి పట్టింది. దారిలో ఆగిపోతాది." మెకానిక్కు పరిగెత్తాడు. కాసేపటికి లోపలి నుంచి, "ఔ మామా" అని అరిచాడు.

"ఇంగేం కావాల నీకు?" అన్నాడు యజమాని. బిళ్ళను మామ చేతిలో పెట్టి, "యాడ తగిలించాల్నో నువ్వే తగిలించు," అన్నాడు.

మామ బల్ల దగ్గరికి నడిచాడు. మేకులు ఆయనకు సరిగ్గా కనిపించడం లేదు. చేత్తో తడుముకుంటూ పోయాడు. మొదటి వరస స్టీరింగు. తన పాత మేకు దగ్గర వేళ్ళు ఆగాయి. ఖాళీగా ఉన్న ఆ మేకును కొంచెంసేపు పట్టుకునే ఉన్నాడు. తర్వాత చెయ్యి కిందికి దించి, వరసలు లెక్కపెట్టుకుంటూ షెడ్డు వరసకు వచ్చి బిళ్ళ తగిలించాడు. అది సరిగ్గా పట్టిందో లేదో ఒకసారి లాగి చూసుకున్నాడు.

బస్సులు ఒకదాని వెనక ఒకటి గేటు దాటుతున్నాయి. నేను నా గదికి పోతుంటే మామ వెనకే వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగకుండా లోపలికి వచ్చి, కుర్చీ లాక్కుని ఏసీ కింద కూర్చున్నాడు.

"పాపా, ఒక మాట."

"చెప్పు మామా."

"నువ్వు నా పని నిలబెట్టినావు, ఆ సంగతి మర్చిపోను. కానీ నేను డ్రైవర్ని గాదన్నావే, ఆ మాట ఇంగెప్పుడూ అనాకు. సచ్చేదాకా నేను డ్రైవర్నే."

"సరే మామా, అనను," అన్నాను.

ఆ తర్వాత నేను ఆ మాట ఎప్పుడూ అనలేదు. కోడ్‌లో మాత్రం అలాగే ఉంచాను.